చింపని ఉత్తరం

మా నాయనమ్మ భద్రమ్మ పత్తి అమ్మడానికి జనగామ పోతే, ముందు కాంటా మీద తానే ఎక్కి నిలబడుతుంది. తన బరువు తనకు తెలుసు. తేడా కనిపిస్తే బస్తా దించనివ్వదు. బచ్చన్నపేట దగ్గర మా ఊళ్లో షావుకార్లు కూడా ఆమెతో ఆచితూచి మాట్లాడతారు. అయినా వాళ్ల దగ్గరే మిత్తికి, అంటే వడ్డీకి, అప్పు తెచ్చుకోక తప్పదు, బ్యాంకు ఆమెకు పంట రుణం ఇవ్వదు. చనిపోయిన తాత పేరు మీద పాత బాకీ ఉందంటారు. "వాళ్ల లెక్కలే తప్పు వదినా" అని తాత తమ్ముడు ఎల్లయ్య ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాడు.

మొన్న ఆ ఎల్లయ్యే ఘనపూర్ నుంచి దిగాడు. భూపాలపల్లిలో కూలికి ఉన్నప్పుడు తాత రాసిన ఉత్తరం తెచ్చాడు. అప్పట్లో తాత పొలం రెండెకరాలు ఎల్లయ్యే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద అమ్మాడు. కొన్నవాళ్లు ఇప్పుడు పట్టా చేయించుకుంటున్నారు. తాత లేడు కాబట్టి నాయనమ్మ వేలిముద్ర కావాలి.

"అన్న చెప్తేనే అమ్మిన వదినా. సదివిచ్చుకో."

నేను చదివాను. "తమ్మీ, పొలం అమ్మి బ్యాంకు అప్పు కట్టు. కట్టినంక ఈ కాగితం చింపెయ్."

నాయనమ్మ పక్కింటి భాగ్యను పిలిచి మళ్లీ చదివించింది. నన్నూ నమ్మనందుకు నాకు ఒళ్లు మండింది.

"గిన్నేండ్లు మంచిగనే దాసినవు ఎల్లయ్యా."

"నువ్వు నమ్మవని దాసిన."

"బాకీ తీరితే ఎవలైనా కాగితం చింపుతరు. గిది చినగకుంట గట్లనే ఉన్నది. కట్టినవా?"

ఎల్లయ్య తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"సగం కట్టిన. సగం బోరుకు పెట్టిన. నీళ్లు పడలే."

"నేనేమో బ్యాంకోళ్లను తిట్టుకుంట మిత్తిలు కడుతున్న."

"ముద్ర వెయ్యకు, కేసు పెడదాం" అన్నాను.

"నువ్వాగు. కొన్నోళ్లు పైసలిచ్చిన్రు, వాళ్లనెందుకు సతాయించుడు?" అని ఎల్లయ్య వైపు తిరిగింది. "ముద్ర ఏస్త. ముందు బ్యాంకుల మిగిలింది కట్టి రా."

"వాళ్లు ఆగరు వదినా."

"ఎందుకాగాల్నో నువ్వే చెప్పు వాళ్లకు."

ఎల్లయ్య లేచి, ఉత్తరం కోసం చెయ్యి చాపాడు. నాయనమ్మ దాన్ని అప్పటికే రొంటిన దోపుకుంది.