నీళ్లకు మార్కులు

అక్షరాలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నేను కంటబడిన ప్రతిదీ చదివేదాన్ని. బస్సు మీద ఊరి పేరు, సబ్బు రేపరు, యూరియా బస్తా మీది జాగ్రత్తలు, దవాఖానా గోడ మీద ‘ఇక్కడ ఉమ్మరాదు’ అన్నది కూడా కూడబలుక్కొని పూర్తి చేస్తే గానీ కాలు కదిపేదాన్ని కాదు. నలభై ఒకటో ఏట చదువు మొదలుపెట్టిన మనిషికి ఒక జబ్బుంటుంది. రాసి ఉన్నదంతా నిజమే అనుకుంటుంది. పైగా ఒకచోట రాసింది ఇంకోచోట రాసినదానికి ఎదురు రాదనీ, చదువుకున్నవాళ్లందరూ ముందే కూర్చుని మాట్లాడుకునే రాస్తారనీ నమ్ముతుంది. ఆ నమ్మకం నాకు ఒక్క నెలలో ఎట్లా వదిలిందో చెబుతాను. మీరు నవ్వినా ఏమీ అనుకోను. మా ఊళ్లో వాళ్లు నవ్వడం ఎప్పుడో అయిపోయింది.

మాది దమ్మపేట దాటాక అడవిలోకి మళ్లే రోడ్డు మీది ఊరు. బోరు వేస్తే నీళ్లు పడతాయి గానీ ఉప్పగా ఉంటాయి, వాటితో పప్పు ఉడకదు. మాకు ఎగువనున్న గూడెం వాళ్లయితే ఆ నీళ్లు నోట పెట్టరు. వాగు ఇసుకలో చెలమ తవ్వి, ఊరే దాకా కూర్చుని, ముంతతో తోడుకుంటారు. ఎండలు ముదిరితే ఆ చెలమా ఎండిపోతుంది. అట్లాంటి చోటికి ఒక సంస్థ వాళ్లు నీళ్లు శుద్ధి చేసే మిషన్ తెచ్చి మా మహిళా సంఘానికి అప్పజెప్పారు. నెల రోజులు మంచిగా నడిపితే మిషన్ మా ఊళ్లో ఉంటుంది, లేకపోతే ఇంకో ఊరికి తీసుకుపోతారు. అదీ ఒప్పందం. నడిపే మనిషి కావాలి అనగానే సంఘం లీడరక్క నా వైపు చూసింది.

“నువ్వే చెయ్యాలె చెల్లె. మనల బోర్డు సదివేటిదానివి నువ్వొక్కదానివే గదా.”

“బోర్డు సదివితే మిషన్ నడుస్తదా అక్కా?”

“మాకు బోర్డు గూడ రాదు గదనే!”

ఆ లెక్కన నేనే ఖాయమయ్యాను. దమ్మపేటలో రెండు రోజుల శిక్షణకు పోయాను.

మొదటి రోజు చెప్పింది మిషన్ బిగించిన సారు. జేబులో ఎప్పుడూ పానా పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి మేమాయనకు పానా సారు అని పేరు పెట్టుకున్నాం. ఆయన నోటి నుంచి ఇంగ్లీషు మాటలు వడగళ్లలా పడేవి. ఫిల్ట్రేషన్ అన్నాడు. నేను నోటుబుక్కులో ‘ఫి’ రాసి, దాని పక్కన ‘ల’కు కింద ‘ట’ పెట్టాలా, ‘ర’ ఎక్కడ ఇరికించాలా అని తంటాలు పడి తల ఎత్తేసరికి ఆయన మెంబ్రేన్ దాటి రిజెక్ట్ వాటర్ దగ్గరున్నాడు. రిజెక్ట్‌లో ఒత్తు సరిచేసుకునేలోపు టీడీఎస్ వచ్చేసింది. అట్లా నా బుక్కులో మాటలన్నీ ఉన్నాయి గానీ వాటి అర్థాల్లో సగం నా చెవులను దాటి కిటికీలోంచి బయటికి పోయాయి. టీడీఎస్ పక్కన మాత్రం ‘ఐదు వందలు’ అని పడింది.

రెండో రోజు పచ్చ చీర మేడం వచ్చింది. ఆమెది నిదానం. ఒక్క సస్టైనబిలిటీ అనే మాట మీదనే గంటసేపు నిలబడింది. (పక్కనున్న ఇద్దరు ఆ గంటలో హాయిగా కునుకు తీశారు.)

“అంటే ఏంది మేడం?” అని అడిగాను.

“ఈరోజు మనం వాడుకునేది రేపు మన పిల్లలకూ మిగలాలమ్మా. అందుకే ఏదీ పారబోయొద్దు. రీసైకిల్, రీయూజ్.”

ఇంతేనా, దీనికింత పెద్ద మాటా అనుకున్నాను. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, గిన్నెలు కడిగిన నీళ్లు బీరపాదుకు పోతాయి. మా అత్తకు ఆ ఇంగ్లీషు మాట తెలియదు గానీ, ఆమె కళ్ల ముందు చెంబెడు నీళ్లు ఒలకబోసి చూడండి.

మిషన్ మొదలుపెట్టాం. ఒక పైపులో మంచినీళ్లు వస్తాయి, ఇంకో పైపు నేరుగా మోరీలోకి పోతుంది. ఆ రెండో పైపు కింద దోసిలి పట్టి చూస్తే నీళ్లు అద్దంలా ఉన్నాయి. మురికి లేదు, వాసన లేదు. అవి బిందెలకు బిందెలు మోరీ పాలవుతున్నాయి. అదే సమయానికి అత్త వచ్చింది.

“ఏందే గిది? బంగారమసొంటి నీళ్లు మోరీల పోస్తున్నవ్. నిన్ను కూసోబెట్టింది గిందుకేనా?”

“రిజెక్ట్ నీళ్లంట అత్తా.”

“ఎవరు వద్దన్నరు వాటిని? నువ్వు వద్దన్నవా, నేను వద్దన్ననా?”

నోటుబుక్కు తీశాను. రిజెక్ట్ పక్కన అర్థం ఖాళీ. కానీ మేడం పేజీలో గుండ్రటి అక్షరాలతో ‘ఏదీ పారబోయొద్దు. రీసైకిల్’ అని ఉంది. ఇంకేం కావాలి? ఆ మధ్యాహ్నమే ఒక రబ్బరు పైపు తెచ్చి, మోరీలోకి పోయే నీళ్లను మళ్లీ పైనున్న బోరు నీళ్ల ట్యాంకులోకి ఎక్కించాను. చుక్క కూడా వృథా లేదు. అత్త మొదటిసారి నన్ను మెచ్చుకున్నట్టు చూసింది. (మా పెళ్లయి అప్పటికి ఇరవై నాలుగేళ్లు.)

ఇక మీటరు సంగతి. టీడీఎస్ కొలవడానికి ఇచ్చిన కలం లాంటి మీటరును గ్లాసు నీళ్లలో ముంచితే నంబరు వస్తుంది, దాన్ని రోజూ రిజిస్టర్‌లో రాయాలి. మొదటి రోజు డెబ్బై వచ్చింది. నా బుక్కులో ఐదు వందలని ఉంది కదా, ఐదు వందలకు డెబ్బై మార్కులా అని నాకు ప్రాణం చివుక్కుమంది. మా అమ్మాయికి పదో తరగతిలో లెక్కల్లో వచ్చినట్టే ఉంది. అయితే పైపు ఎక్కించిన మర్నాటి నుంచి నంబరు లేవడం మొదలుపెట్టింది. నూట పది, నూట అరవై, రెండు వందలు! అంకెలు ముత్యాల్లా రాశాను. లీడరక్కకు చూపిస్తే “పాసయినమా?” అని అడిగింది. “ఫస్ట్ క్లాసుకు పోతున్నం” అన్నాను.

మూడో వారం నుంచి ఊళ్లో గొణుగుడు మొదలైంది. పప్పు మళ్లీ ఉడకడం లేదట. నీళ్ల ధార దారంలా సన్నబడింది. ఎగువ గూడెం నుంచి మిషన్ నీళ్లకొచ్చే అవ్వ ఒకామె బిందె నింపుకుని, ఒక గుక్క తాగి, ఉమ్మేసింది.

“గివేం నీళ్లు బిడ్డా? ఉప్పుకల్లు నాకినట్టున్నది.”

“నంబరు మంచిగున్నదవ్వా. నీ నాలుకకే ఏదో అయింది.”

ఆ ముసలామె బిందె అక్కడే వంపేసి, మోకాళ్లు పట్టుకుంటూ వాగు దారి పట్టింది. ఆ రోజు నాకు కోపమొచ్చింది గానీ అనుమానం మాత్రం రాలేదు.

నెల నిండిన రోజు పానా సారూ పచ్చ చీర మేడమూ కలిసి వచ్చారు. సారు రిజిస్టర్ తెరిచాడు.

“ఇవి ఎవరు రాసిండ్రు?”

“నేనే సారూ.”

“రోజూ పెరుగుతనే ఉన్నయ్ గదా!”

“అవ్ సారూ. ఇంకో ముప్పై వస్తే ఐదు వందలు.” (ఆ గొంతులోని గర్వం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

“అంటే నీళ్లల్ల ఉప్పు ఇంకో ముప్పై పెరిగితే నీళ్లు తాగడానికి పనికిరావని తెలిసి గూడ ఫోన్ చెయ్యలేదా?”

లీడరక్క వెనక నుంచి నా నడుం గిచ్చింది. సారు మిషన్ విప్పాడు, చూశాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. ఏమీ తేలలేదు. చివరికి పానా జేబులో పెట్టుకుని “ఉప్పు వడగట్టే మెంబ్రేన్ పోయినట్టుంది. తీసుకపోవుడే” అన్నాడు. గూడెం అవ్వ మోకాళ్లు నా కళ్ల ముందు కదిలాయి. ఏడుపొచ్చేలోపు ఆయనే అడిగాడు.

“రిజెక్ట్ ఎటు పోతుంది?”

చూపించాను. ఆయన రబ్బరు పైపు వెంట కళ్లు పైకెత్తి, ట్యాంకు దాకా పోయి, అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

“ఎవరు చెప్పిండ్రమ్మా నీకు?”

బుక్కు ఇచ్చాను. ఆయన మేడం పేజీ చదివి మేడం వైపు చూశాడు. ఆమె ఆయన పేజీలో ఖాళీ చూసి ఆయన వైపు చూసింది. ఇద్దరూ ఇంగ్లీషులో వాదించుకున్నారు. రిజెక్ట్ అని ఆయన, రీయూజ్ అని ఆమె. నా బుక్కులోని మాటలన్నీ నా తల మీదుగా అటూ ఇటూ ఎగురుతుంటే, ఒక్కటీ పట్టుకోలేక నిలబడ్డాను. కాసేపటికి సారు నా వైపు తిరిగాడు.

“బియ్యంల రాళ్లు ఏరి ఏం చేస్తవమ్మా?”

“పక్కన పారేస్త.”

“మళ్ల చేటల పోసుకుంటవా?”

అయిపోయింది. ఆయన ఇంకొక్క మాట చెప్పనక్కర్లేకపోయింది. నెల రోజులుగా రాళ్లు ఏరుతూ, వాటిని మళ్లీ అదే చేటలో పోసుకుంటూ కూర్చున్నాను. పైపు నా చేతులతోనే పీకేశాను. ఉప్పు నిండిన ట్యాంకు ఖాళీ చేసి, తాజాగా తోడిన బోరు నీళ్లతో సాయంత్రం దాకా నడిపితే నంబరు దిగుతూ దిగుతూ తొంభైకి వచ్చింది. మెంబ్రేన్ బతికే ఉంది. అయినా సారు ఇంకా తటపటాయిస్తూనే ఉన్నాడు. అప్పుడు మేడం రిజిస్టర్ చేతిలోకి తీసుకుంది.

“చాలా చోట్ల నంబర్ పెరిగితే భయపడి తగ్గించి రాస్తారు. ఈమె ఉన్నది ఉన్నట్టు రాసింది. ఇట్లాంటి మనిషి చేతిలోనే మిషన్ ఉండాలి సార్. దీన్నే ట్రాన్స్‌పరెన్సీ అంటారు.”

మిషన్ ఉండిపోయింది. రెండు రోజుల తర్వాత గూడెం అవ్వ ఒక గుక్క తాగి, బిందె అంచు దాకా నింపుకుంది. మోరీలోకి పోయే నీళ్లు ఇప్పుడు బడి మరుగుదొడ్లు కడగడానికి పోతున్నాయి. శిక్షణలకు నన్నే పిలుస్తున్నారు. పోయిన చోటల్లా మేడం నన్ను ముందు నిలబెట్టి నా నిజాయితీ కథ చెబుతుంది. ఆడవాళ్లు చప్పట్లు కొడతారు, నేను తల వంచుకుంటాను. వినయం అనుకుంటారు.

ఆమెకు నేను ఇంతవరకూ చెప్పనిది ఒకటుంది. నంబరు తక్కువైతేనే మంచిదని ఆ నెల నాకు తెలిసి ఉంటే, మిషన్ పోతుందన్న భయంలో నేనేం రాసేదాన్నో! అప్పటి ఆ మనిషి, మార్కుల ఆశతో నాలుక కొన బయటపెట్టి అంకెలు దిద్దుకుంటున్న మనిషి, ఎదురుగా కనిపిస్తే ఆ మాట అడగాలని ఉంటుంది. అడిగినా చెప్పదు. రేపటి నంబరు ఎంతొస్తుందోనన్న సంబరంలో ఉంటుంది పాపం.