కర్నూలు బస్సులో మా మేనత్త

పోయిన శుక్రవారం పొద్దున మా మేనత్త పోయింది. చాయ్ తాగుతూ గుండె పట్టుకున్నదట, అంతే. ఆ రోజు గద్వాలలో మా వీధిలో ఒక్క మగ్గం ఆడలేదు. ఆమె నోటికి భయపడనివాళ్లు ఆ వీధిలో లేరు, అయినా అందరూ ఏడ్చారు. నేనైతే ఇంకా ఏడుస్తూనే ఉన్నాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. సిగ్గు లేకుండా బతకడం నేర్పిందే ఆమె.

ఇంటర్ రెండో ఏడులో నాకు చెవిలో మాటలు వినపడటం మొదలైంది. మగ్గం చప్పుడు మధ్య ఎవరో నన్ను తిడుతున్నట్టుండేది. ఒక స్నేహితుడు గంజాయి అలవాటు చేశాడు. తాగిన గంటసేపు ఆ మాటలు సద్దుమణిగేవి, తర్వాత రెట్టింపయ్యేవి. మళ్లీ తాగేవాణ్ని. నాన్న కొట్టాడు. అమ్మ తాయెత్తు కట్టించింది. చివరికి నన్ను వెనక గదిలో ఉంచి గడియ పెట్టి, ఎవరడిగినా ఊరికి పోయాడని చెప్పేవారు.

అత్త నాన్నకు అక్క. సంగతి తెలిసి వచ్చి, ఎవరినీ అడక్కుండా ఆ గడియ తీసింది.

"దయ్యమైతే తాయెత్తుకు పోతుండె. గంజాయి ఒక్కటే అయితే దెబ్బలకు పోతుండె. గిది రోగం. నేను దవాఖానకు తోల్కపోత."

పరువు పోతుందన్నాడు నాన్న.

"పిలగాడు పోతే పరువును పక్కల పండవెట్టుకుంటవా?" అంది.

గంజాయి మానమని నాకు ఒక్కసారీ నీతి చెప్పలేదు. ఆమె దవడలో ఎప్పుడూ ఆకూ జర్దా ఉండేవి. "నేను గీ జర్ద ఇడువలేక చస్తున్న. నీకు ఏం మొఖం పెట్టుకొని చెప్తరా? డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పు, సాలు" అనేది.

నెలనెలా కర్నూలు పోయేవాళ్లం. బస్సులో ఎవరు పలకరించినా, మా పిల్లవాడికి మనసు బాగాలేదు, గంజాయి కూడా తాగాడు, చూపించడానికి పోతున్నాం అని, పెళ్లికి పోతున్నంత ధీమాగా చెప్పేది. నాకు సీటు కింద దూరిపోదామా అనిపించేది. ఒకసారి ఇటిక్యాలలో ఎక్కినామె ఆ మాట విని, తన కొడుకుదీ ఇదే వరస అని గొంతు తగ్గించి చెప్పింది. మరుసటి నెల వాళ్లూ మాతో వచ్చారు. తర్వాత ఇంకో ఇంటివాళ్లు.

మాత్రలకు నా చేతులు వణికేవి. పట్టు పోగు సన్నం, వణికే చేతికి లొంగదు. నేయలేని బతుకు ఎందుకని మాత్రలు చూరులో దోపి మళ్లీ గంజాయికి పోయాను. అత్త కనిపెట్టింది. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. నా చేతులు పట్టుకుని ఊరికే కూర్చుంది. మర్నాడు డాక్టర్ ముందు ఆ చేతులు చాపించి, "నేసేటోని చేతులు సారూ. ఇవి వణికితే వీడు మాత్రలు మింగడు" అంది.

డాక్టర్ మందు మార్చాడు. వణుకు తగ్గేదాకా, అంచు పోగులు అందించడానికి మనిషి కావాలని వంక పెట్టి, నన్ను తన మగ్గం పక్కనే కూర్చోబెట్టుకుంది. నావల్ల తప్పు పడితే, విప్పి మళ్లీ నేద్దాం, ఏం పోయింది అనేది. గంజాయి ఒక్కరోజులో వదల్లేదు. రెండుసార్లు జారాను. ఆ సంగతి కూడా నా నోటితోనే డాక్టర్‌కు చెప్పించింది.

ఇప్పుడు నా మగ్గం నాకుంది. మాత్రలు నేటికీ వేసుకుంటాను.

నిన్న వడ్డేపల్లి నుంచి ఒక తల్లి, కొడుకును వెంటబెట్టుకుని, అత్తతో కర్నూలు పోదామని వచ్చింది. అత్త లేదని విని అరుగు మీద కూలబడింది.

"ఇంగ మాతోని ఎవరొస్తరు?"

చొక్కా వేసుకుని బయల్దేరాను.

పిల్లవాడికి పదహారేళ్లుంటాయి. బస్సులో నా పక్కనే కూర్చున్నాడు, చాలా దూరం తలెత్తలేదు. తుంగభద్ర వంతెన మీదికి వచ్చాక మెల్లగా అడిగాడు.

"అన్నా, నీకు గూడ ఇనపడుతుండెనా?"

"ఇనపడుతుండె. ఇప్పుడు ఇనపడ్తలేదు."

వాడు తలెత్తి నా మొహం వైపు చూశాడు. బస్సు వంతెన దాటింది, కర్నూలు వచ్చింది, అందరూ లేచి మూటలు అందుకుంటున్నారు. వాడింకా చూస్తూనే ఉన్నాడు.