గద్ద గూడుకు అత్త పెట్టిన బొట్లు

"మూడు దినాలు గోడ మీద గుర్తే లేదు. గూడు ఖాళీ అయినట్టే. రేపు పొద్దుగాల తుమ్మను కొడుత."

"నేను కోదాడల ఉంటి, గుర్తెవరు పెడ్తరు? నువ్వేమన్న సూసినవా?"

"నాకేం పని లేదానే, గద్దల్ని సూస్కుంట కూసునేటందుకు?"

"సూడకపోతే జాగ వదలాలె. సూసినా కనవడకపోతే బొగ్గు గీత గియ్యాలె. మీ అమ్మ నేర్పింది గదయ్యా."

"అమ్మ పోయి ఏడాదాయె. వానలొస్తే నీ బొట్లతోని దున్నాల్నా? నాగలికి కర్ర గావాలె."

"దున్నుకో, ఎవరొద్దన్నరయ్యా? గూట్ల పిల్లలుంటే మాత్రం నీ గొడ్డలికి నేనడ్డం."

అది నాకూ మా ఇంటాయనకూ జరిగిన గొడవ. ఊళ్లల్లో గడబిడలు సద్దుమణిగిన ఏడు, ఎండాకాలం, మునగాల పక్క పల్లెలో. ముందే చెబుతున్నాను, దయ్యాల మాట ఎత్తితే కసురుకునే మనిషిని నేను. చదివింది రెండో తరగతే అయినా, గాలికీ ధూళికీ జడిసి ఒక్క నిమ్మకాయ కూడా దండగ చేసుకోలేదు.

మా కొట్టం ముందు నల్లతుమ్మ మీద ఏటా గద్ద గూడు కట్టేది. గూట్లో పిల్లలున్నన్నాళ్లూ మా కోడిపిల్లల మీద పడేది. అందుకని మా అత్త రోజూ పాలు పితికి లేవగానే కొట్టం గుమ్మంలో ఒకే చోట నిలబడి గూడు చూసేది. పిల్ల తల కనబడితే గోడ మీద బొటనవేలితో సున్నపు బొట్టు. చూసినా కనబడకపోతే బొగ్గు గీత. చూడని రోజుకు ఖాళీ జాగా. వరుసగా గీతలు వస్తేనే కోడిపిల్లల మీది గంప ఎత్తేది. గూట్లో పిల్లలుండగా చెట్టు కొట్టనని పోయేముందు కొడుకు దగ్గర మాట కూడా తీసుకుంది.

ఆమె తర్వాత ఆ పని నాది. చెల్లెలి కాన్పుకు కోదాడ పోయిన రోజులే ఖాళీ పడ్డాయి. తిరిగొచ్చేసరికి పొద్దుగూకింది, గూడు చూసే వీల్లేకపోయింది. ఆ రాత్రే ఆ గొడవ.

మర్నాడు తెల్లవారుతుండగా పాలకు పోతే, ఆ ఖాళీ జాగాలో మూడు బొట్లున్నాయి. వేలు పెట్టి చూశాను. తడి ఆరలేదు.

ఆయన వేళాకోళమేమో అనుకున్నాను. కానీ ప్రతి బొట్టుకూ నడుమ అడ్డంగా సన్నని సందు ఉంది. వరికోతల్లో కొడవలి కోసుకుని మా అత్త బొటనవేలికి లోతు మచ్చ పడింది. ఆమె పెట్టిన పాత బొట్లన్నీ అలాగే ఉంటాయి. పక్కనే ఉన్నాయి కనుక పోల్చి చూశాను. నా వేలికి మచ్చ లేదు, ఆయన వేలికీ లేదు. ఇంట్లో మూడో మనిషి లేరు. సున్నం డబ్బీ తెరిస్తే, నేను వదిలిపోయినట్టే ఎండి బిగుసుకుని ఉంది.

ఇది నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. భయం మాత్రం వేయలేదు. ఇంట్లో పెద్దదిక్కు ఉన్నట్టు నిమ్మళంగా అనిపించింది.

ఆయన గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు. గోడను చూశాడు. గొడ్డలి కింద పెట్టి, కొట్టం కప్పు ఎక్కి చాలాసేపు గూటి వైపు చూశాడు.

"రెండున్నయే," అన్నాడు. "ఇంక రెక్కలు సక్కగ రాలె."

"మరి నాగలి?"

"పాతదాన్నే వడ్లాయనతోని చెక్కిచ్చి బాగు చేపిస్త."

దిగి, గొడ్డలిని చూర్లో దోపాడు. నేను సున్నంలో ఇన్ని నీళ్లు పోసి నానబెట్టాను. పాలు పితికి గుమ్మంలో నిలబడితే పిల్ల తల కనబడింది. ఆ రోజు బొట్టు నేను పెట్టి, కోడిపిల్లల మీద గంప మూశాను.