బాబాయి తెచ్చిన బురద

మా ల్యాబ్ బాబాయి పోయాడని మొన్న పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. ఆయన తెచ్చిన బురద సీసా అప్పుడు నా చేతిలోనే ఉంది. కింద పెట్టడానికి కూడా చెయ్యి రాలేదు.

మాది సీతమ్మధారలో చిన్న పరిశోధనశాల. బురదలో బతికే ఒక రకం బ్యాక్టీరియా తమ ఒంట్లోనే అతి సన్నని అయస్కాంతపు రేణువులు తయారుచేసుకుంటాయి. వాటితో మందును క్యాన్సర్ గడ్డ దాకా నడిపించగలమా అన్నదే మా పని. బాబాయి అక్కడ అటెండరు. హార్బర్ వైపు చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు.

ఒక సోమవారం వచ్చేసరికి నేను ఆ బ్యాక్టీరియాను పెంచే సీసాల రబ్బరు మూతలన్నిటికీ సూది బెజ్జాలు! "పీతలకైనా గాలాడాలి కదమ్మా. ఊపిరాడక సచ్చిపోతాయేమోనని నానే పెట్టినాను" అన్నాడు. గాలి ఎక్కువైతే ఈ జీవాలు అయస్కాంతం తయారుచేయడం మానేస్తాయి. ఏడాది పని మట్టిపాలైంది. "బుద్ధుందా నీకు? ఇంకెప్పుడూ ఈ గదిలో అడుగుపెట్టకు!" అని అరిచేశాను. నా నోరు పడిపోను, మా నాన్న వయసువాడు.

ఆయన మర్నాడు ఉప్పుటేరులో దిగి బురద తీసి, సీసా అంచుదాకా నింపి, బస్సులో ఒళ్లో పెట్టుకుని మద్దిలపాలెంలో దిగి నడిచొచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "ఈపాలి గాలి సుక్క కూడా నేదమ్మా" అన్నాడు. ఇవాళ్టికీ మేం పెంచుతున్నది ఆ బురదలో దొరికిన బ్యాక్టీరియానే.

తర్వాత వారం వారం తెచ్చేవాడు. గుమ్మం మాత్రం దాటేవాడు కాదు. లోపలికి రా బాబాయ్ అంటే, "వద్దులేమ్మా, మళ్లీ ఏటి సేసేత్తానో" అని నవ్వేవాడు. ఒక్కసారి మాత్రం తనే అడిగాడు. "ఆ పురుగుల్ని నాకోపాలి సూపిత్తావా?"

రేపు చూపిస్తానన్నాను. ఆ రేపు నెలలు గడిచినా రాలేదు!

ఈమధ్య ఊపిరందక ఆసుపత్రిలో చేరితే చూడ్డానికి వెళ్లాను. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "మీ పురుగులే నయమమ్మా, ఆటికి గాలొద్దు" అన్నాడు. నవ్వబోయి ఏడ్చేశాను. నువ్వు లేచిరా, ముందు నీకే చూపిస్తాను అన్నాను. క్షమించు అన్న మాట మాత్రం అప్పుడూ నోట్లోంచి రాలేదు. ఇప్పుడెవరికి చెప్పను?

నిన్న ఆయన చివరి సీసాలోంచి ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. పక్కన అయస్కాంతం ఉంచగానే అన్నీ ఒకే వైపుకు ఈదసాగాయి. ఆయన ఎత్తుకు సరిపోయేలా స్టూలు దించాను. తలుపు బార్లా తీశాను. ఆ చుక్క ఆరిపోయేదాకా మూయలేదు.