ధావళి చుట్టుకున్న రాగి గిన్నె

మొన్న మా మనవరాలు కాఫీ గ్లాసుకు ఉన్నితో అల్లిన తొడుగు తొడిగి నా ముందుకు చాచింది. "వేడి పోదు అమ్మమ్మా, పట్టుకో" అంది. పట్టుకోలేదు సరికదా, నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. అది బిత్తరపోయింది. ఏమైందో చెప్పాలంటే నేను ఇంటరు చదివిన రోజులకు, తిరుపతిలో మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుకు పోవాలి. రసాయన శాస్త్రంలో రసం ఎవరికి దక్కిందో గానీ, నా వంతుకు నీరసమే వచ్చింది.

ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షలో ఆమ్లాన్నీ క్షారాన్నీ కలిపితే ఎంత వేడి పుడుతుందో కొలవాలి. రాగి గిన్నెలో రెండూ పోసి, కలియబెట్టి, థర్మామీటరులో పాదరసం ఎంత ఎక్కిందో చూడాలి. పుట్టిన వేడి పారిపోకుండా గిన్నె చుట్టూ ఉన్ని ఉండాలి. ల్యాబులో ఉన్న ఉన్నినేమో ఎలుకలు తమ పురుళ్లకు వాడేసుకున్నాయి. "ఎవురి ఉన్ని వాళ్లే తెచ్చుకోండప్పా" అని మా లెక్చరరు చేతులు దులుపుకున్నారు. మార్చిలోనే మాడ్చే ఊళ్లో ఉన్ని ఎక్కడ దొరుకుతుంది? నా పక్క బల్ల అబ్బాయి, వాళ్ల నాయన ధనుర్మాసంలో కొండకు నడిచిపోయేటప్పుడు పెట్టుకునే మంకీ క్యాప్ తెచ్చాడు. మా ఇంట్లో ఉన్న ఉన్ని బట్ట అవ్వ ధావళి ఒక్కటే. అవ్వ పూజకూ వంటకూ మడిగా కట్టుకునే బట్ట అది. అడిగితే చంపుతుందనుకున్నాను. ఇచ్చింది. ఇచ్చినందుకే ఎక్కువ భయమేసింది. "ఎవురినీ ముట్టుకోనీబాక. రేపు పొద్దున్నే పూజకి నాకు కావల్ల" అంది. వసారాలో చెప్పులు తొడుక్కుంటున్న నాయన, "ఈ పరీక్ష తప్పినావంటే చదివింది చాలు మ్మా, ఇంట్లోనే ఉందువు" అన్నాడు. గట్టిగా అనలేదు. మా నాయన గట్టిగా అన్న మాట సాయంత్రానికి మరిచిపోతాడు. మెల్లగా అన్నది మరవడు.

మడిబట్టను మడతలు పెట్టి గిన్నెకు చుట్టేసరికి, అది పొత్తిళ్లలో పసిబిడ్డలాగా తయారైంది. ఎవరైనా పక్కగా నడిస్తే చాలు, నా పైప్రాణం పైనే పోయేది. చిత్తూరు నుంచి వచ్చిన ఎగ్జామినరు ఒక్కో బల్ల దగ్గరా ఆగి, గిన్నెను తాకి చూసి ముందుకు కదులుతున్నారు. నల్లటి సన్నటి మనిషి, నవ్వు తెలియని ముఖం. ఆమ్లం, క్షారం రెండూ కలిసి తటస్థమయ్యాయి గానీ నేను కాలేదు. పాదరసం ఎక్కుతోంది. ఆయన చెయ్యి ధావళి మీదికి వచ్చింది.

"ముట్టుకోవద్దు సార్! మడి!"

మా లెక్చరరు ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. నా చదువు అక్కడితో సరి అనుకున్నాను.

"మడా?" అన్నారు ఆయన.

"మా అవ్వ ధావళి సార్."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. రెండో చెయ్యి కూడా దానికి తోడు పోయింది. చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, వంగి థర్మామీటరు చూశారు.

"ఉన్ని ఎందుకు చుట్టినావు?"

"లోపలి వేడి బయటికి పోకుండా సార్."

"ఇంకా?"

"బయటి వేడి లోపలికి రాకుండా సార్."

"అంతేనా? ఇంకెవురూ రాకుండా కూడానా?"

నేను ధావళి అంచు సర్దాను. ఆయన ఒక్క క్షణం చూసి, "పాదరసం ఆగిపోయింది మ్మా, రాసుకో" అని పక్క బల్లకు పోయారు. అక్కడ మంకీ క్యాప్‌ను చేత్తో ఎత్తి, "ఏమబ్బా, గిన్నెకి జలుబు చేసినాదా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను రీడింగు రాసుకున్నాను.

సాయంత్రం ధావళి అవ్వ చేతిలో పెట్టి, ఎవరూ ముట్టుకోలేదని ఒట్టేసి చెప్పాను, ఎగ్జామినరు సంగతితో సహా. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఉన్నికి మైల యాడుండాదే పిచ్చిదానా! అది పాతది, ఎవురన్నా లాగితే చినిగిపోతాదని సెప్పినాను" అంది. నాకు నవ్వు రాలేదు; లేని మైలకు ఆయన్ని దూరం పెట్టానని అప్పుడు తెలిసింది.

ఫలితాలు వచ్చేదాకా నిద్దట్లో ఉలిక్కిపడేదాన్ని. ఆయన మార్కులు బాగానే వేశారు. నాయన మరి ఆ మాట ఎత్తలేదు, నేను బియస్సీలో చేరాను. ఎంత ఉన్ని చుట్టినా వేడి కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుందని ఆనాడు జవాబులో రాశాను. అన్ని భయాలూ అలాగే చల్లారాయి. ఇన్నేళ్లు గడిచినా, వీపు వెనక కట్టుకున్న ఆ రెండు చేతులు మాత్రం నా కళ్ల ముందు ఇంకా విడివడలేదు.