ఒహాయో షారోన్

షారోన్ నాలుగేళ్లపాటు తనది ఒహాయో అని చెప్పింది. రోజుకు ముప్పై నలభై మందికి చెప్పేది. ఒహాయో ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. తెలిసిందల్లా యాకుత్‌పురా రైల్వే స్టేషన్, దాని వెనక సందులో తమ రెండు గదుల ఇల్లు, అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే ఒక హార్డ్‌వేర్ దుకాణం మీద మూడో అంతస్తులో ఉన్న తౌఫీఖ్ ఆఫీసు.

ఆ ఆఫీసులో ఎనిమిది మంది పనిచేసేవారు. అమెరికాలో సరుకు లారీలు తిప్పే ఒక కంపెనీకి వీళ్లు డిస్పాచర్లు. ఏ డ్రైవరు ఎక్కడ లోడు ఎత్తాలి, ఎన్నింటికల్లా ఎక్కడ దింపాలి, దారిలో వాన ఉందా మంచు ఉందా అన్నీ ఇక్కడి నుంచే ఫోన్లో చెప్పాలి. ఈ సంగతి మాత్రం డ్రైవర్లకు తెలియకూడదు. ఆఫీసు ఒహాయోలో ఉందనే చెప్పాలి, ఇండియా అన్న మాట నోట్లోంచి రాకూడదు. కంపెనీ యజమాని పెట్టిన మొదటి షరతు అదే. మిగతావాళ్లు పని కోసం మైక్ అనీ జెన్నీ అనీ పేర్లు మార్చుకున్నారు. షారోన్‌కు ఆ అవసరం రాలేదు. తండ్రి డానియేలు పెట్టిన పేరే అక్కడా చెల్లింది.

డానియేలు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కూతుర్ని డిగ్రీ దాకా చదివించాడు. డిగ్రీ అయ్యాక షారోన్ హైటెక్ సిటీలో ఒక కాల్ సెంటరుకు వెళ్తే రెండుసార్లు వెనక్కి పంపారు. "నీ ఇంగ్లీషులో మాతృభాష వినబడుతోంది" అన్నాడు అక్కడి ట్రైనర్, ఎక్స్‌రేలో ఏదో కనబడిందని డాక్టరు చెప్పినట్టు. మూడోసారికి ఆమె దాన్ని దాచిపెట్టడం నేర్చుకుంది. పెదవులు ఎక్కడ గుండ్రంగా చుట్టాలో, ఎక్కడ పళ్లు ఆనించాలో అద్దం ముందు నిలబడి సాధన చేసింది.

తీరా తౌఫీఖ్ దగ్గర పనిలో చేరి అమెరికన్లతో మాట్లాడాక ఆమెకు తెలిసిందేమిటంటే, అక్కడా ఎవరి మాటలో వాళ్ల ఊరు వినబడుతుంది. బోస్టన్ మనిషి 'కార్' చివర ర పలకకుండా 'కా' అని వదిలేస్తాడు. మిన్నెసోటా మనిషి నోట్లో 'బ్యాగ్' కాస్తా 'బేగ్' అవుతుంది. ఫిలడెల్ఫియావాడు మంచినీళ్లను 'వుడర్' అంటాడు. దక్షిణాది డ్రైవరు పెన్ను అడిగినా పిన్ను అడిగినట్టే ఉంటుంది. తనకు తప్పని నేర్పినవి చాలా మటుకు అక్కడ ఎవరో ఒకరు తమ ఇంట్లో మాట్లాడుకుంటున్నవే. మలక్‌పేటలో బస్సెక్కినవాడు టికెట్ అడగ్గానే నల్లగొండవాడా మహబూబ్‌నగర్‌వాడా అని తెలిసినట్టు, రెండేళ్లు తిరిగేసరికి హలో అన్న గొంతును బట్టి మనిషిది ఏ రాష్ట్రమో ఆమె చెప్పేసేది.

ఆమె డ్రైవర్లలో వెర్నన్ ఒకడు. కెంటకీ కొండల మనిషి, అరవై రెండేళ్లు. కొత్తలో ఒకరోజు ఫోన్ చేసి 'టార్' పోయిందన్నాడు. రోడ్డు మీద తారు కరిగిందనుకుని ఆమె వేరే దారి వెతికి పంపింది. పోయింది టైరు. పాపం మూడు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నాడు. అయినా తిట్టలేదు.

"మా కొండల్లో టైరును టార్ అనే అంటామమ్మాయ్. ఫైర్‌ను ఫార్ అంటాం. నువ్వే అలవాటు పడాలి" అని నవ్వాడు. తర్వాత, "మీదే ఊరు?" అని అడిగాడు.

"ఒహాయో. కొలంబస్."

"మా చెల్లెలు ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది. సరేలే" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు షారోన్ హెడ్‌సెట్ తీసి బాత్రూముకు వెళ్లి మొహం కడుక్కుంది. నమ్మలేదని పైకి అనకుండా వదిలేసిన మనిషితో రోజూ మాట్లాడటం ఎంత కష్టమో తర్వాత తెలిసింది.

నాలుగో ఏడు మే నెలలో ఒక బుధవారం. సాయంత్రం ఐదున్నర దాటింది. వెర్నన్ ఉన్నచోట ఉదయం ఎనిమిది. టెన్నెసీ మీదుగా దక్షిణానికి వెళ్తున్నాడు. సరుకు దింపే వేళ గంట వెనక్కి జరిగిందని చెప్పడానికి షారోన్ ఫోన్ చేసింది.

"గుడ్ మార్నింగ్ వెర్నన్, అంతా బాగేనా?"

ఎప్పుడూ వచ్చే జవాబు 'ఆల్ రాట్'. 'రైట్'ను ఆయన 'రాట్' అంటాడు. ఆ రోజు 'ఆ... లై...' అని ఏదో వచ్చింది. నాలుక నోట్లో అడ్డం పడినట్టు ఉంది మాట. వెనక ఇంజన్ మోత. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ అదే. ఇంతలో గరగరమని చప్పుడు మొదలైంది. రోడ్డు అంచున డ్రైవర్లను నిద్ర లేపడానికి గాట్లు చెక్కి ఉంచుతారు. లారీ చక్రాలు వాటి మీదికి వెళ్లాయి.

"వెర్నన్! బ్రేక్! బ్రేక్ తొక్కు! ఆపు!" షారోన్ కుర్చీలోంచి లేచి అరిచింది. గరగర ఆగలేదు. "బ్రేక్, వెర్నన్, బ్రేక్!"

చివరికి గాలి వదిలినట్టు బుస్సుమంది. లారీ ఆగింది. ఆ తర్వాత ఆయన ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

తౌఫీఖ్ తన గదిలోంచి వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఈ ఆఫీసు నిలబెట్టడానికి ఆరేళ్లుగా తిరగని చోటు లేదు. "ఏమైంది? గంతగనం ఒర్లుతున్నవేంది?"

"భాయ్, వెర్నన్‌కి మాట పోతున్నది."

తౌఫీఖ్ హెడ్‌సెట్ చెవికి పెట్టుకుని విన్నాడు. "తాగిండు. పొద్దుగాల్నే ఎక్కించిండు. కంపెనీకి మెయిల్ పెట్టు, లోడు ఇంకొకనికి ఇద్దాం."

"తాగలే భాయ్. తాగినోనికి యాస ఇంకింత ఎక్కువైతది గానీ పోదు. నాలుగేండ్ల సంది ఇంటున్న ఈయన గొంతు. ఇది ఆయన మాట కాదు. కెంటకీది కాదు, ఏ ఊరిది కాదు. పక్షవాతం కొట్టింది."

"నువ్వేమన్న డాక్టర్‌వా?"

ఆమె హెడ్‌సెట్ వెనక్కి తీసుకుని ఫోను స్పీకరులో పెట్టింది. తెర మీద వెర్నన్ లారీ గుర్తు కోసం వెతికింది. లారీలోని యంత్రం తాను ఎక్కడున్నదీ అరగంటకోసారే చెబుతుంది. చివరిసారి చెప్పి ఇరవై నిమిషాలైంది. అంటే అక్కడి నుంచి ఇరవై మైళ్ల రోడ్డులో ఎక్కడైనా ఉండొచ్చు. అమెరికాలో ఆపదకు పిలిచే 911 ఇక్కడి నుంచి తిప్పితే పలకదు. ఆ జిల్లా పోలీసుల మామూలు నంబరు పట్టుకోవాలి. అది ఏ జిల్లానో తెలియాలి. ముందు ఆయన ఎక్కడున్నాడో తెలియాలి.

"వెర్నన్, ఏం కనబడుతోంది? బయట ఏముంది?"

"ఫార్..." అన్నాడాయన. "ఫార్... వ..."

"దూరమంటున్నడు. ఇంకా దూరముందంట" అన్నాడు తౌఫీఖ్.

"కాదు భాయ్, ఆయన నోట్లె ఫార్ అంటే ఫైర్."

"యా అల్లా. బండికి మంట అంటుకున్నదా?"

షారోన్ మైకు మీదికి వంగింది. "వెర్నన్, పొగ వస్తోందా? మంటలున్నాయా?"

"నో... ఫార్... వర్..." ఆ మాట కోసం ఆయన పడుతున్న పెనుగులాట ఫోన్లో వినబడుతోంది. తర్వాత ఏడుపు లాంటి చప్పుడు.

ఫైర్ వర్. ఫైర్‌వర్క్స్. ఆ రోడ్డు పక్కన పెద్ద పెద్ద బాణసంచా దుకాణాలుంటాయని వేరే డ్రైవర్లు చెప్పగా ఆమె విన్నది. మ్యాపులో వెతికితే ఆ ఇరవై మైళ్లలో రెండు కనబడ్డాయి. రెంటికీ మధ్య ఒక నది. నదికి ఇటు ఒక జిల్లా, అటు ఇంకొకటి.

"నది దాటావా వెర్నన్? పెద్ద వంతెన. దాటితే అవునను చాలు."

ఆమె లెక్కపెట్టింది. ఏడు దాకా వచ్చాక, "యా" అన్నాడు.

వెర్నన్ లైను తౌఫీఖ్ చేతిలో పెట్టి, "మాట్లాడుతనే ఉండుండ్రి, నిద్ర పోనియ్యకుండ్రి" అని, షారోన్ రెండో ఫోనులో నది అవతలి జిల్లా నంబరు కొట్టింది. ఒక ఆడమనిషి ఎత్తింది. షారోన్ తన ఒహాయో గొంతుతో అంతా చెప్పింది. డ్రైవరు పేరు, లారీ రంగు, బాణసంచా దుకాణం, దక్షిణానికి వెళ్లే వైపు.

"మీరు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?"

"కొలంబస్, ఒహాయో."

"నాకు ఫ్లోరిడా నంబరు కనబడుతోంది."

"అది కంపెనీ లైను మేడమ్. దయచేసి అంబులెన్సు పంపండి."

"కొలంబస్‌లో మీ ఆఫీసు ఏ వీధిలో ఉంది?"

షారోన్‌కు ఒక్క వీధి పేరు కూడా గుర్తు రాలేదు. తొందరలో ఏదో చెప్పబోయి నాలుక తడబడింది. అద్దం ముందు ఏళ్లుగా దిద్దుకున్న 'వి' అక్షరం, 'డబ్ల్యూ' అక్షరం ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అటువైపు మనిషికి అది వినబడిందని షారోన్‌కు తెలిసిపోయింది.

"మేడమ్," అంది ఆమె, గొంతు గట్టిపడింది, "ఈ నెలలో దొంగ ఫోన్లు నమ్మి మా వాళ్లను మూడుసార్లు పరుగెత్తించాను. మీరు ఒహాయోలో లేరు. ఈ కాల్ రికార్డవుతోంది. మీరెవరో చెప్పండి."

షారోన్ తలెత్తింది. తౌఫీఖ్ ఒక చేత్తో హెడ్‌సెట్ చెవికి నొక్కిపట్టుకుని రెండో చెయ్యి వద్దన్నట్టు ఊపుతున్నాడు. "ఇండియా అనకు," అన్నాడు లోగొంతుతో. "నీకు దండం పెడ్త. ఆ మాటంటే కాంట్రాక్టు పాయె. ఎనిమిది ఇండ్లు షారోన్."

ఆఫీసులో అందరూ పని ఆపి చూస్తున్నారు. పక్క సీటులోని మాజ్‌కు పోయిన నెలే పాప పుట్టింది. షారోన్ అతని వైపు చూడకుండా గోడ వైపు తిరిగింది.

"నా పేరు షారోన్," అంది. ఈసారి ఒహాయో గొంతు పెట్టలేదు. ఇంట్లో తండ్రితో చర్చి పుస్తకం చదివేటప్పుడు వచ్చే ఇంగ్లీషు వచ్చింది. "నేను ఇండియాలో ఉన్నాను. హైదరాబాదులో. ఇందాక అబద్ధం చెప్పాను, అలా చెప్పకపోతే ఉద్యోగం ఉండదు. కానీ ఆ మనిషి నిజం. ఆయన గొంతు నాకు నాలుగేళ్లుగా తెలుసు. గంట కిందటిదాకా మాట్లాడిన మనిషి ఇప్పుడు తన మాట తాను పలకలేకపోతున్నాడు. మీకు నా మీద నమ్మకం లేకపోతే ఒక్క బండి పంపి చూడండి. అబద్ధమైతే నా మీద కేసు పెట్టండి, నా అసలు ఫోన్ నంబరు ఇస్తాను."

అటు నుంచి కీబోర్డు చప్పుడు వినబడింది.

"డ్రైవరు ఇంటిపేరు ఒక్కొక్క అక్షరం చెప్పండి" అందామె. "నెమ్మదిగా. నాకు అర్థమవుతోంది."

అంబులెన్సు రావడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. అంతసేపూ తౌఫీఖ్ హెడ్‌సెట్ దించలేదు. మొదట్లో ఇంగ్లీషులో ఏదో చెబుతూ ఉన్నాడు. తర్వాత మాటలు అయిపోయి, "హా చాచా, హా, ఇదర్ హీచ్ హూఁ" అని, ఇక్కడే ఉన్నానంటూ దక్కనీ ఉర్దూలోకి దిగాడు. ఆఖరికి తలుపు కొట్టిన చప్పుడు, మనుషుల గొంతులు, ఫోను కింద పడిన శబ్దం. లైను కట్ అయింది. తౌఫీఖ్ హెడ్‌సెట్ టేబుల్ మీద పెట్టి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

వెర్నన్ బతికాడు. షారోన్ ఆ జిల్లా పోలీసులకు ఇచ్చిన నంబరుకే మూడు వారాల తర్వాత ఆయన భార్య ఫోన్ చేసింది. కుడి చెయ్యి ఇంకా లేవట్లేదట. మాట వస్తోంది గానీ చర్చిలో వాళ్లు ఎవరో కొత్త మనిషి మాట్లాడుతున్నాడంటున్నారట. ఒకసారి ఆయన చేతికి ఫోను ఇచ్చింది. ఒక్కొక్క మాటా విడివిడిగా, రాయి మీద రాయి పేర్చినట్టు వచ్చింది. ఆ మాటల్లో షారోన్ కెంటకీ కోసం వెతికింది. దొరకలేదు. ఫోను పెట్టేశాక తల్లి పుష్పమ్మ ఎవరని అడుగుతుండగానే వంటింట్లోకి వెళ్లింది.

అప్పటికి కాంట్రాక్టు పోయింది. అక్కడి స్థానిక పత్రికలో ఇండియా నుంచి వచ్చిన ఫోను గురించి రాశారు. అది డ్రైవర్ల చేతుల్లో తిరిగింది. వారంలోపే కంపెనీ నుంచి రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. ఎనిమిది మందీ ఇంటికి వెళ్లారు. మాజ్ నాలుగు నెలలు పని లేక తిరిగాడు. ఒకరోజు పురానాపూల్ కూరగాయల మార్కెట్లో ఎదురైతే, పాప ఎలా ఉందని షారోన్ అడిగింది. అతను విననట్టు పక్కకు తిరిగి ఉల్లిగడ్డలు ఏరుకున్నాడు. ఆమె సంచీ పట్టుకుని పక్క బండి వైపు కదిలింది.

ఇప్పుడు షారోన్ చంచల్‌గూడలో ఒక రక్తపరీక్షల సెంటరులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. వచ్చినవాళ్లతో తెలుగు, దక్కనీ మాట్లాడుతుంది. తౌఫీఖ్ పై అంతస్తు ఖాళీ చేసి కింద హార్డ్‌వేర్ దుకాణంలోనే భాగస్తుడుగా చేరాడు. చాలా రోజులు ఆమె ఆ దారిన పోలేదు. చలికాలంలో ఒక సాయంత్రం పోతుంటే అతనే పిలిచి స్టూలు వేశాడు. చాయ్ తెప్పించాడు.

"ఆ ముసలాయన ఎట్లున్నడు?"

"నడుస్తున్నడంట భాయ్, కట్టె పట్టుకోని."

తౌఫీఖ్ తల ఊపాడు. నట్లు బోల్టులు వేరుచేయసాగాడు.

"ఆ దినం ఆయన ఊపిరి పద్నాలుగు నిమిషాలు నా చెవులనే ఉండె. గంత ఇన్నంక గూడ, నీ జాగల నేనుంటే ఆ మాట అనకపోతుంటి షారోన్. ఒహాయో అనే అంటుంటి." ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "ఆయన పోతుండె."

షారోన్ ఖాళీ గ్లాసు స్టూలు పక్కన పెట్టింది. ఇంతలో ఎవరో వచ్చి అర అంగుళం పైపుకు మలుపులో వేసే ఎల్బో కావాలని అడిగారు. తౌఫీఖ్ లేచి నిచ్చెన ఎక్కాడు.