బాలింతకి గాలి తగలకూడదన్న పిన్ని

పిన్ని పోయిందని కాకినాడ నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయిందట. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదట. ఆ మాట వినగానే నాకు ఏడుపు కంటే ముందు విసుగొచ్చింది. జీవితమంతా ఎవరినో ఒకరిని సతాయిస్తూనే బతికిన మనిషి, చివరికిలా చప్పుడు చేయకుండా వెళ్ళిపోవడమేమిటి?

పిన్ని అంటున్నాను గానీ మాకు చుట్టరికం లేదు. ఎనభైల్లో మేము బహ్రెయిన్‌లో, హూరా అనే పేటలో ఉన్నప్పుడు ఎదురు ఫ్లాటావిడ. ప్రార్థనకి కూడే మా తెలుగు క్రైస్తవ సహవాసంలో అందరికంటే పెద్దది. పెద్దరికం కూడా అందరికంటే ఎక్కువే చేసేది. మా వంటింట్లోకి వచ్చి మూతలు తీసి చూసేది. నేను ఆరేసిన బట్టలు తీసి మళ్ళీ తన పద్ధతిలో ఆరేసేది. తలుపు వేసుకుంటే ఆవిడకి కోపం, తీసి పెడితే నాకు మనశ్శాంతి ఉండేది కాదు.

ఆ ఇంట్లో ఆవిడకి సరిజోడు ఒకటే, మా బాత్రూంలోని గ్యాసు బాయిలరు. బిల్డింగుతో పాటే ముసలిదైంది. కొళాయి తిప్పితే లోపల మంట భగ్గుమని అంటుకుని నీళ్ళు వేడెక్కాలి. కానీ అంటుకోవడం, మానడం దాని ఇష్టం. ఒళ్ళంతా సబ్బు పూసుకున్నాక ఆరిపోవడం దానికి మహా సరదా. ముహర్రక్‌లో ఉండే ఇంటాయనకి చెబితే "బుక్రా" అనేవాడు. అంటే రేపు అని. ఆ రేపు మేమున్నంత కాలం రాలేదు.

"ఊరికే తిడితే బాగవదే అమ్మాయ్. రోగం ఎక్కడుందో చూడాల," అంటూ పిన్ని కొంగు బిగించి వచ్చేది. ముందు సిలిండరు ఊపి చూసేది. తర్వాత నీటి ధార చూసేది. శుక్రవారం మసీదు ప్రార్థనకి బిల్డింగంతా ఒకేసారి స్నానాలకి లేస్తే ధార సన్నబడి మంట అంటుకునేది కాదు. ఇక మిగిలింది నీళ్ళొచ్చే గొట్టంలోని జల్లెడ. అక్కడి ఉప్పు నీళ్ళకి తెల్లగా పెచ్చు కట్టేది. మా ఆయన పాత పళ్ళ బ్రష్షుతో పిన్ని దాన్ని తోమి బిగించేది. మంట నీలంగా లేచేది. వారం తిరక్కుండా మళ్ళీ మొదటికొచ్చేది. నాకు ఆ డబ్బాని పీకి వీధిలో పారేయాలనిపించేది.

మా పాప జనవరిలో పుట్టింది. అమ్మకి వీసా రాలేదు. అడక్కుండానే పిన్ని బాలింతరాలి పథ్యం, పసిదాని స్నానం తన చేతిలోకి తీసుకుంది. కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, పాపని కాళ్ళ మీద పడుకోబెట్టి, చెంబులతో వేణ్ణీళ్ళు గుమ్మరించేది. పక్కనే నిప్పుల మీద ముందే సాంబ్రాణి వేసి ఉంచేది. నా చెవుల్లో దూది, తలకి గుడ్డ. కిటికీలన్నీ బందు. బాత్రూం వెంటిలేటరులో తన పాత చీరని ముక్కలు చేసి కుక్కింది. బాయిలరు పొగగొట్టం సరిగ్గా ఆ వెంటిలేటరు కిందకొచ్చి ఆగిపోయేదని మా ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

అప్పట్నుంచి బాయిలరు మరీ పేట్రేగిపోయింది. మంట పచ్చగా, సోలిపోతూ మండేది. కాసేపటికి ఆరిపోయేది. పిన్ని సిలిండరు మార్పించింది, జల్లెడ తోమింది, పనిలో పనిగా ఇంటాయన్నీ తిట్టింది. ఏం చేసినా అంతే. నాకేమో స్నానమయ్యాక తల పగిలిపోయేది, కడుపులో తిప్పేది.

"ఊపిరాడట్లేదు పిన్నిగారూ, ఆ గుడ్డలు తీసేద్దాం," అన్నాను.

"ఊపిరాడకపోతే ఇన్ని మాటలెలా ఆడతన్నావే? పచ్చి బాలింతవి. గాలి తగిలితే వాతం కమ్మేస్తాది. ఎక్కడో సందులోంచి గాలి కొడతందనే నీకా తలనొప్పి," అని తలుపు కింద తువ్వాలు కూడా పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ కన్నతల్లిలా చేస్తున్న మనిషిని ఏమనగలను?

ఒకరోజు స్నానం చేయిస్తుంటే పాప ఏడవలేదు. "ఇవాళ బుద్ధిగా ఉంది," అన్నాను గోడకి ఆనుకుని.

పిన్ని చేతిలో చెంబు ఆగిపోయింది. "నీళ్ళోస్తే ఏడవని బిడ్డని నేనెప్పుడూ చూడలేదే," అంది. పాప అరికాలు మీద చిటికె వేసింది. పాప కదల్లేదు. పిన్ని తలెత్తి చూసింది. సాంబ్రాణి పొగ ఎటూ కదలకుండా గదిలో దట్టంగా నిలబడి ఉంది. మరుక్షణం తడి బిడ్డని గుండెకి అదుముకుని, రెండో చేత్తో నన్ను రెక్క పట్టి హాల్లోకి లాగింది. బాల్కనీ తలుపు కాలితో తన్నింది. చలిగాలి ఇంట్లోకి ఒక్కసారిగా విరుచుకుపడింది. నేను అక్కడే కూలబడ్డాను. "ఏడు తల్లీ, ఏడు, ఏడు," అని పిన్ని పాపని కుదుపుతూనే ఉంది. ఎంతసేపటికో పాప సన్నగా మొదలుపెట్టి, గొంతు చించుకుని ఏడ్చింది. అంత ఇంపైన ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది. గాలి చాలక మంట సరిగా మండకపోతే వాసన లేని విషం పుడుతుందట, ఇంకాస్త ఆలస్యమైతే పాపా నేనూ దక్కేవాళ్ళం కాదట.

ఆ శుక్రవారం, సెలవు రోజున, సహవాసంలో పిన్ని సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడు బిడ్డని కాపాడిన మేలు చెబుతుందని అందరూ స్తోత్రానికి సిద్ధంగా కూర్చున్నారు.

"దేవుడు కాపాడాడు, నిజమే. చంపబోయింది మాత్రం నేను," అంది పిన్ని. "ఆ పిల్ల ఊపిరాడట్లేదంటే నోరు మూయించాను. గుడ్డలు కుక్కిన చెయ్యి ఇదే. మీ ఇళ్ళలోనూ నేనే కుక్కించాను. ముందెళ్ళి అవి పీకేయండి. పాటలు తర్వాత పాడుకుందురు గానీ."

ఎవరూ లేవలేదు. దాంతో పిన్నే చెప్పులేసుకుని బయల్దేరింది. వాళ్ళందరి ఇళ్ళూ తిరిగి, కుర్చీలెక్కి ఆ గుడ్డలు పీకించేసరికి చీకటి పడింది. ఆడవాళ్ళు వెనక నవ్వుకున్నారు, కొందరు మళ్ళీ కుక్కుకున్నారు కూడా. వాళ్ళ మీద నాకిప్పటికీ కోపమే. పెద్దరికం చేసేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, నిండు సభలో నిలబడి తప్పు నాది అన్నవాళ్ళని ఇంకొకరిని చూడలేదు. ఈ సంగతి ఆవిడ ముందు ఒక్కసారైనా అందామంటే మాట పూర్తి చేయనిచ్చేది కాదు. ఇప్పుడు అడ్డం వచ్చేవాళ్ళు లేరు, వినేవాళ్ళూ లేరు. నా విసుగంతా అదే.

ఆ గుడ్డలు పీకించిన మర్నాడు పాపకి స్నానం చేయించడానికి పిన్ని మళ్ళీ వచ్చింది. వెంటిలేటరు బార్లా తెరిచి ఉంది. బయట ఉత్తరపు గాలి ఈల వేస్తోంది. గాలి తగిలితే బిడ్డకి చేటన్న నమ్మకం ఆవిడకి వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. అందుకని పీటని ఇటు తిప్పుకుంది. వెంటిలేటరుకి వీపు పెట్టి, కొంగు రెండు పక్కలా పరిచి పట్టుకుని కూర్చుంది. ఆ మధ్యలో, కాళ్ళ మీద వేణ్ణీళ్ళకి ఏడుస్తూ మా పాప. గాలంతా తన వీపున పడుతుంటే పిన్ని పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.